ఆమేన్ల లెక్క

కట్ట వేసిన అరవై ఒకటో ఏడు. దిబ్బ మీది మిషన్ బడి తూము పుస్తకం. రాస్తున్నది సలోమి, లెక్కల టీచరు.

జూలై 4. చెరువు ఐదడుగులు. తూము బయట ఉప్పు పదహారు.

ఈ పుస్తకంలో నీళ్ల సంగతి తప్ప ఇంకేమీ రాయకూడదని మొదటి పేజీలోనే ఉంది. ఇరవై ఆరేళ్లు ఆ మాట నిలబెట్టుకున్నాను. ఇక నా వల్ల కాదు. కెజియా సంగతి ఎక్కడో ఒకచోట రాసుకోకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

పొద్దున అసెంబ్లీలో ఎప్పటిలాగే నీటి లెక్క చదివాను. ఉప్పు ఐదు దాటింది కాబట్టి తూము తలుపు ఎత్తవద్దు అని ముగించాను. పిల్లలు "ఆమేన్" అన్నారు. పైకప్పు మీద బిగించిన యంత్రం, మేం దూత అనేది, గొంతులు లెక్కపెట్టి చెప్పింది: "నలభై మూడు." పిల్లలు నలభై నలుగురు. తగ్గిన ఆ ఒక్క గొంతు ఎవరిదో దూతను అడగనక్కర్లేదు.

దిబ్బకు చుట్టూ సముద్రం. తాగడానికి మాకున్నది ఈ చెరువొక్కటే. పైనుంచి ఏటి నీళ్లు వచ్చినప్పుడు తలుపు ఎత్తి చెరువు నింపుకోవాలి. పూర్వం ఒక పెద్దమనిషి తన రొయ్యల గుంట కోసం ఎవరికీ చెప్పకుండా తలుపెత్తి చెరువంతా ఉప్పు చేశాడు. ఆ ఏడు పోయినవాళ్ల పేర్లు చర్చి గోడ మీద ఉన్నాయి. అప్పటినుంచి తలుపు ఎత్తాలన్నా దించాలన్నా బడి పిల్లలందరి ముందూ పైకి చదవాలి, ముప్పావు వంతు మంది ఆమేన్ అనాలి. అప్పుడే దూత తలుపును కదిలిస్తుంది; దానికి ఇంకో మాట అర్థం కాదు. చదివే మనిషి ముందు తూము దగ్గరికి వెళ్లి నీళ్లు నాలుక మీద వేసుకుని రావాలని కూడా ఆనాడే రాసుకున్నారు. ఉప్పు కొలిచే ముల్లు బిగించాక ఆ పని ఎవరూ చెయ్యడం లేదు. నేనూ చెయ్యడం లేదు.

అసెంబ్లీ కాగానే ప్రిన్సిపాల్ దైవాశీర్వాదం గారు పిలిపించారు. చర్చి మహాసభ వారి పరిశీలకుడు పద్నాలుగున వస్తున్నాడట, వారం ఉంటాడట. మిషన్ బళ్లు పిల్లల్లో భక్తినీ చదువునూ నిజంగా పెంచుతున్నాయా, ఊరికే అన్నం పెడుతున్నాయా అని తేలుస్తారట. తేల్చేది దూత లెక్కతోనే. ఆ వారంలో ప్రార్థనలూ పాఠాలూ నీటి లెక్కా అన్నీ కలిపి, సగం కన్నా తక్కువ ఆమేన్లు పలికిన పిల్లలకు విశ్వాసం పట్టలేదని అర్థం. తిరుగు పడవలో ఇళ్లకు పంపేస్తారు.

"మన బళ్లో ఒక్కతేగా టీచరమ్మా. దాని మూలాన బడికి మచ్చ రాకూడదు. మీరే ఏదోటి చూడండి," అన్నారాయన.

కెజియా ఇల్లంటే ఉప్పు మడి. వాళ్లమ్మ లూదియమ్మ చేతులు ఒకసారి చూశాను. వేళ్ల సందుల్లో చర్మం లేదు. అక్కడికి తిరిగి వెళ్లిన ఆడపిల్ల మళ్లీ పలక పట్టుకోవడం నేను చూడలేదు.

జూలై 5. చెరువు నాలుగడుగుల పదకొండంగుళాలు. ఉప్పు పదహారు.

సాయంత్రం కెజియాను స్టాఫ్ రూముకు పిలిచాను. పదమూడేళ్ల పిల్ల. సన్నగా ఉంటుంది. మాట్లాడుతుంటే మన కళ్లలోకి కాదు, నోటి వంకే చూస్తుంది.

"ఆమేన్ అనడానికి నీకేం రోగం?" అన్నాను. నా నోరు అలాంటిది.

"ఆమేన్ అంటే ఏంది టీచరమ్మా?"

"ఇది నిజం, అలాగే జరగాలి అని."

"మరి నిజమో కాదో తెలవకుండా ఎట్టా అంటాను? మొన్న అయ్యగారు వాన ఇచ్చావు నీకు స్తోత్రం అని ప్రార్థన చేశారు. వాన పళ్లేదుగా."

"పడుతుందన్న నమ్మకంతో అంటారే తల్లీ."

"పడినాక అంటాను."

నాకు ఒళ్లు మండింది. నూరుసార్లు ఆమేన్ రాసుకు రమ్మన్నాను. భోజనాల గంటకు కాగితం తెచ్చింది. అందులో ఒకటే ఉంది.

"మిగతావి ఏవే?"

"ఇయ్యాల మీరు నాకు చెప్పింది ఒకటేగా టీచరమ్మా, ఆమేన్ అంటే నిజం అని. దానికి ఒకటి రాశాను."

నవ్వాలో కొట్టాలో తెలియక కాగితం మడిచి ఈ పుస్తకంలో పెట్టుకున్నాను.

జూలై 8. చెరువు నాలుగడుగుల ఎనిమిదంగుళాలు. ఉప్పు పంతొమ్మిది.

మనిషికి రోజుకు నాలుగు చెంబులుండే నీళ్లు మూడయ్యాయి. ఎగువ ఆనకట్ట వాళ్లు వారంలో ఏటి నీళ్లు వదులుతామన్నారు. ఆ మాట వాళ్లు జూన్‌లో కూడా అన్నారు.

పరిశీలన కోసం పిల్లల చేత రోజూ సాధన చేయిస్తున్నాను. ప్రార్థన ముగిసేటప్పుడు గొంతు దించుతూ చివరి మాటను కొంచెం సాగదీస్తాం. ఆ రాగం వినపడితే చాలు, పిల్లలు ఆమేన్ అంటారు. ఇవాళ ఎక్కాలు చెప్పిస్తున్నాను. గొంతు అలసి, నాకు తెలియకుండానే ఆ రాగంలోకి జారి, "పదమూడు ఏడులు ఎనభై ఒకటి..." అన్నాను.

"ఆమేన్," అన్నారు నలభై ముగ్గురూ.

"తొంభై ఒకటి," అంది వెనక బెంచీలోంచి కెజియా.

తప్పు నాదేగా, సర్దుకున్నాను. కానీ మనసు ఊరుకోలేదు. కాసేపాగి కావాలనే అదే రాగంలో, "మన తూము కాపలా ఏసుపాదం మేకకు ఏడు కాళ్లు..." అన్నాను. ఆమేన్ అన్నారు. ఒకరిద్దరికి తర్వాత నవ్వొచ్చింది. మిగతావాళ్లు పుస్తకంలో వేలు పెట్టుకుని తర్వాతి ఎక్కం కోసం చూస్తున్నారు. అందులో క్లాసు ఫస్టు వచ్చేవాళ్లున్నారు, కంఠత వాక్యాల్లో బహుమతులు కొట్టినవాళ్లున్నారు. నాకు నవ్వు రాలేదు.

కిటికీలోంచి వింటున్న దైవాశీర్వాదం గారు మాత్రం, "గొంతులు బాగా కలుస్తున్నాయి టీచరమ్మా," అన్నారు.

జూలై 12. చెరువు నాలుగడుగుల ఐదంగుళాలు. ఉప్పు మూడు.

మూడు! పొద్దున నేను చదవగానే హాల్లో ఒక్కసారిగా కేరింతలు కొట్టారు. ఏటి నీళ్లు వచ్చేశాయి. దైవాశీర్వాదం గారు కళ్లనీళ్లు పెట్టుకుని పావుగంట కృతజ్ఞతా ప్రార్థన చేశారు. తలుపు మాత్రం ఇప్పుడే ఎత్తవద్దన్నారు. ఎల్లుండి పరిశీలకుడి కళ్లముందు ఎత్తాలట. దాహంతో ఉన్న పిల్లలను ఇంకో రెండు రోజులు ఆగమనడానికి ఆయనకు మాటెలా వచ్చిందో! అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను.

కెజియా అనలేదు. మధ్యాహ్నం నా గది గుమ్మంలో నిలబడింది.

"టీచరమ్మా, నీళ్లు ఉప్పగానే ఉన్నయ్."

"నీకెలా తెలుసు?"

"చూశాను."

ఏసుపాదాన్ని పిలిపించి అడిగాను. ముసలాయన తల గోక్కున్నాడు.

"అవునమ్మా, వంటింటి పని లేని రోజు పొద్దున్నే వచ్చి నాలిక మీద ఏసుకుని పోద్ది. వద్దంటే ఇనదు. నాకా, ఓ జొరం వచ్చిన కాణ్ణించి నాలిక్కి రుచి లేదు, కళ్లకి రంగు లేదు. ముల్లుకి నత్తలు పట్టినయ్యేమో, గీకాల."

"గీకవయ్యా మరి."

"పరిశీలన అయ్యిందాక దేన్నీ ముట్టుకోవద్దన్నారమ్మా పెద్దయ్యగారు."

దూత దగ్గర కెజియా పాత లెక్క తీయించాను. బడి తెరిచాక ఈ పిల్ల పలికిన ఆమేన్లు పదకొండు. పదకొండూ నీటి లెక్కకే. పదకొండూ వంటింటి పని లేని రోజులే. అంటే పొద్దున్నే వెళ్లి, రుచి చూసి వచ్చి, నేను చదివింది తను చూసినదానితో సరిపోతేనే ఆమేన్ అంది. ఇంకే పిల్లా చెయ్యని పని, నేను మానేసిన పని ఇది.

దైవాశీర్వాదం గారికి చెప్పాను. ఒడ్డున నీళ్లు ఎప్పుడూ ఉప్పగానే ఉంటాయనీ, ముల్లు లోతులో ఉంటుందనీ అన్నారు. పిల్లలెవరూ తూము వైపు వెళ్లకుండా హాస్టల్ గేటుకు తాళం వేయించారు. నా గది నుంచి తూముకు రెండు వందల అడుగులు. నేను వెళ్లి చూడొచ్చు. వెళ్లలేదు. నిజంగా ఉప్పగా ఉంటే ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియక వెళ్లలేదు.

జూలై 13. చెరువు నాలుగడుగుల నాలుగంగుళాలు. ఉప్పు మూడు.

కెజియాకు జడలు వేస్తూ బతిమాలాను. "ఈ ఒక్క వారం అనవే. నీ మంచికే. పడవెక్కించేస్తారే నిన్ను."

జడ విడిపించుకుని నా వైపు తిరిగింది. తర్వాత అంది, "గేటుకి తాళం ఏశారు. నేను పోలేను. మీరు పోయి చూస్తారా టీచరమ్మా?"

"చూస్తాను."

"మీరు చూశానంటే అంటాను. అన్నిటికీ అంటాను."

రేపు పొద్దున్నే వెళ్తానని మాటిచ్చాను. ఇలా రాసి పెట్టుకుంటే తప్పించుకోలేనని రాస్తున్నాను.

జూలై 14. మధ్యాహ్నం రాస్తున్నాను.

పరిశీలకుడు జ్ఞానరత్నం గారి పడవ అనుకున్నదానికన్నా గంట ముందే వచ్చేసింది. కాఫీలు, దండలు, స్వాగత గీతం. నేను తూముకు వెళ్లలేదు. వెళ్లే తీరిక లేదని రాయబోయాను. రెండు వందల అడుగులకు తీరికేమిటి? వెళ్లలేదు, అంతే.

హాల్లోకి వరసగా వెళ్తుంటే కెజియా నా పక్కకు వచ్చింది.

"చూశారా టీచరమ్మా?"

నా నోటి వంకే చూస్తోంది. వెనక దైవాశీర్వాదం గారున్నారు, ఆయన పక్కన జ్ఞానరత్నం గారు.

"చూశాను," అన్నాను.

చదివాను. ఉప్పు మూడు, తలుపు ఎత్తాలి అని గొంతు దించాను. ఆమేన్! అన్ని గొంతుల్లోనూ కెజియా గొంతు విడిగా వినపడింది. పాపం, అలవాటు లేదుగా, అరిచినట్టు అంది. "నలభై నాలుగు," అంది దూత. దైవాశీర్వాదం గారు నా వైపు చూసి నవ్వారు. తలుపు లేచింది. కిటికీలోంచి చెరువులోకి దూకుతున్న నీళ్లు కనిపించాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు.

కెజియా ఎప్పుడు బయటికి వెళ్లిందో చూడలేదు. మోచేతుల దాకా తడిసి తిరిగొచ్చింది. అరవలేదు, ఏడవలేదు. నా ముందుకొచ్చి దోసిలి చాపింది.

"ఉప్పు టీచరమ్మా."

ఆ పిల్ల దోసిట్లో నీళ్లు నాలుక మీద వేసుకున్నాను. సముద్రమే.

చేత్తో దించే చక్రం తుప్పుపట్టి ఏళ్లయింది. తలుపు దిగాలంటే మళ్లీ చదవాలి. బల్ల దగ్గరికి పరుగెత్తి, "నీళ్లు ఉప్పు. నేను చూడలేదు. చూశానని అబద్ధం చెప్పాను. తలుపు దించాలి," అన్నాను.

కెజియా ఒక్కతే ఆమేన్ అంది. "ఒకటి," అంది దూత.

"టీచరమ్మా, ఏంటిది, ఇంతమంది ముందు!" అంటూ దైవాశీర్వాదం గారు లేచారు. బయట నీళ్ల హోరు పెరిగింది. నాకు సిగ్గూ లజ్జా పోయాయి. పాత రాగం ఎత్తుకున్నాను. గొంతు దించి, మాట సాగదీసి, "తలుపు దించాలీ..." అన్నాను. వారం కిందట అయితే నిద్రలోనైనా ఆమేన్ అనేవాళ్లు. ఇవాళ మిగతావాళ్లు ఒక్కరూ అనలేదు. నలభై ముగ్గురూ నోళ్లు మూసుకుని నన్నే చూస్తున్నారు. అబద్ధం అన్న మాట వాళ్లు విన్నారు. నా పాఠాలు ఎప్పుడైనా ఇంత శ్రద్ధగా విన్నారా!

మూడో తరగతి సుకుమారి లేచి, "ఇది నిజమేనా టీచరమ్మా?" అంది.

నిజమంటే నా మాట ఎవరు నమ్మాలి?

"పోయి చూసుకోండే," అంది కెజియా. "చెరువు కాడికి పోయి నాలిక మీద ఏసుకోండి. పరిగెత్తండి!"

బెంచీలు దొర్లించుకుంటూ పరుగెత్తారు. ఎంతసేపు పట్టిందో తెలియదు కానీ, ఆ సేపట్లో నాకు చర్చి గోడ మీది పేర్లన్నీ వరసగా గుర్తొచ్చాయి. మొదట సుకుమారే వచ్చింది. మూతి తుడుచుకుంటూ దూతకేసి తలెత్తి, "ఆమేన్," అంది. "రెండు." తర్వాత ఇద్దరు ముగ్గురు కలిసి వచ్చారు. "తొమ్మిది." కాలు జారి పడ్డవాళ్లు, దగ్గుతున్నవాళ్లు. "పదిహేడు. ఇరవై ఆరు." ఒక్కొక్కరి ఆమేన్ ఒక్కో రకంగా ఉంది. రాగం లేదు. కొందరు ఏడుస్తూ అన్నారు. "ముప్పై రెండు," అని దూత ఆగింది. గుమ్మంలో ఎవరూ లేరు. అప్పుడు కుంటుకుంటూ ఒక పిల్లాడు వచ్చి గడప పట్టుకుని అన్నాడు.

"ముప్పై మూడు." తలుపు దిగింది.

చెరువు నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. లోపలి నీళ్లు నేనే రుచి చూశాను. ఉప్పు తగులుతోంది కానీ తాగొచ్చు. ఇంకో అడుగు వచ్చి ఉంటే ఈ పుస్తకం రాయడానికి ఎవరూ ఉండేవారు కాదు. ఏసుపాదం ముల్లు బయటికి తీశాడు. దాని మెడ చుట్టూ నత్తలు గుత్తిగా పట్టి ఉన్నాయి.

జూలై 17. చెరువు నాలుగడుగుల ఆరంగుళాలు. ఉప్పు ఇరవై.

నేను వాళ్లకేమీ చెప్పలేదు. కెజియా కూడా చెప్పలేదని ప్రమాణం చేసింది. కానీ పద్నాలుగు తర్వాత పిల్లలు ఆమేన్ అనడం మానేశారు. పూర్తిగా కాదు. నీటి లెక్కకు అంటున్నారు, అదీ పొద్దున్నే వరసగా తూముకు వెళ్లి వచ్చాక. తాళం సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ప్రార్థనల్లో కొన్నిటికి కొందరు అంటున్నారు. నిన్న దైవాశీర్వాదం గారు, "మేమంతా ఒకరినొకరు ప్రేమించుకుంటున్నాం," అని ప్రార్థిస్తే హాలు మొత్తం ఆలోచనలో పడింది. ఇద్దరు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుని ఆమేన్ అన్నారు. మొన్నటిదాకా జుట్లు పట్టుకున్న పిల్లలు వాళ్లు.

క్లాసులో నరకం. ప్రతి లెక్కకూ ఎందుకు, ఎలా. గంటకు రెండు ఎక్కాలు కూడా సాగడం లేదు. గొంతు పోయింది. ఇన్నేళ్లలో ఇంత బాగా ఎప్పుడూ నిద్రపట్టలేదు.

జ్ఞానరత్నం గారు అన్నీ రాసుకుంటున్నారు. మొహంలో ఏమీ కనపడనివ్వరు.

జూలై 20. చెరువు నాలుగడుగుల మూడంగుళాలు. ఉప్పు పద్దెనిమిది.

తిరుగు పడవ వచ్చింది. కెజియా తన పెట్టె సర్దుకుని రేవు మెట్ల మీద కూర్చుంది. దాన్ని చూడలేక నేను జ్ఞానరత్నం గారి దగ్గరికి వెళ్లాను. తప్పు నాది, నన్ను తీసెయ్యండి, ఆ పిల్లను ఉంచండి అని చెబుదామని మాటలన్నీ కూర్చుకుని వెళ్లాను.

ఆయన దూత ఇచ్చిన కాగితం బల్ల మీద పరిచారు. సగం దాటనివాళ్ల పేర్లకు ఎర్ర గీత. పై నుంచి కింది దాకా గీతలే.

"నలభై నలుగురు," అన్నారు. "నిబంధన ప్రకారం అందర్నీ తీసుకుపోవాలి. పడవలో ఆరుగురికే చోటుంది."

నేను వంగి ఆ పేర్లు మళ్లీ లెక్కపెట్టాను.

"పదకొండు మిషన్ బళ్లు చూశానమ్మా. అన్నిచోట్లా నూటికి నూరే. ఇక్కడే తగ్గింది." కాగితం మడిచారు. "మిగతా పది బళ్లల్లో తూములు ఎవరు రుచి చూస్తున్నారో కనుక్కోవాలి."

దైవాశీర్వాదం గారు వీడ్కోలు ప్రార్థన చేశారు. చాలా చిన్నది చేశారు. ప్రయాణం క్షేమంగా సాగాలని ఒక్క మాట, అంతే. పిల్లలు ఒకసారి సముద్రం వైపు, ఒకసారి ఆయన వైపు చూసి ఆమేన్ అన్నారు. పడవ పిల్లలెవరూ లేకుండానే వెళ్లింది. కెజియా పెట్టె నేనే మోసుకొచ్చాను. చిన్నదే, కానీ బరువుంది. నిండా రాళ్లూ గవ్వలూ ఏరి పెట్టుకుంది, పిచ్చిమొహం.

జూలై 21. చెరువు నాలుగడుగుల రెండంగుళాలు.

ఉప్పు అంకె వెయ్యలేదు. గీకి బిగించిన ముల్లు మీద నాకు ఇంకా నమ్మకం కుదరలేదు. ఏటి నీళ్లు వచ్చాయి. మెట్ల మీద నిలబడితే కాళ్ల కింద ఎర్రగా సుడులు తిరుగుతున్నాయి.

పొద్దున్నే గంట కొట్టకముందే వెళ్లాను. దోసిలి ముంచి ఒకసారి, మళ్లీ ఇంకోసారి రుచి చూశాను. మట్టి వాసన, తీపి. లేచేసరికి మెట్ల పైన కెజియా ఉంది.

"చూశారా టీచరమ్మా?"

"చూశాను. తీపి నీళ్లే."

నా నోటి వంక చూసింది. ఎప్పుడూ చూసినట్టే చూసింది. తర్వాత నా పక్కనుంచి మెట్లు దిగి, వంగి, వేలు ముంచి నాలుక మీద వేసుకుంది.

ఏడుపొచ్చింది. నా మాట మీద ఆ పిల్ల ఒకే ఒక్కసారి ఆమేన్ అంది, ఇంకెప్పుడూ అనదు. అనకూడదు కూడా. అలా అని తెలిసినా బాధ బాధే.

"తీపే," అంది తను, నన్ను కాదు, తనకు తనే చెప్పుకున్నట్టు. వెనక మిగతా పిల్లలు ఒక్కొక్కరే మెట్లు దిగుతున్నారు.

అసెంబ్లీలో చదివాను. రాగం పెట్టకుండా, సంతలో ధర చెప్పినట్టు చదివి ఆగాను. "నలభై నాలుగు," అంది దూత. టీచర్ల గొంతు దాని లెక్కలోకి రాదు. నేనూ అన్నాను.